చలిరేవుకి వెళ్తున్న బుజ్జమ్మకి

భీమిలి,
కనుమ, సాయంత్రం.



నీ ఓడ ఈసారి నార్వేలో హామర్‌ఫెస్ట్ దగ్గర మెల్కోయా దీవికి గ్యాస్ లోడింగుకి వెళ్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ, పండగ సందడిలో కూడా నా ధ్యాసంతా నీ డెక్కు మీదే తిరుగుతోంది తల్లీ, గారెలు వేడిగా ఉన్నప్పుడే తినమని అమ్మమ్మ రెండుసార్లు కేకేసినా వినపడనంతగా. డెబ్బై డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన ఊరది. నవంబరు ఆఖర్లో దిగిపోయిన సూర్యుడు మళ్ళీ జనవరి మూడో వారం వచ్చేదాకా కనపడడు. నువ్వు చేరేసరికి మిట్టమధ్యాహ్నం కాసేపు నీలంగా వెలుగు, మిగతా రోజంతా చీకటే. అయినా అక్కడి సముద్రం గడ్డకట్టదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి ప్రవాహం ఆ తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి రేవు చలికాలమంతా తెరిచే ఉంటుంది. ధ్రువజలాల ఓడలకని 2017లో అమల్లోకి వచ్చిన పోలార్ కోడ్ గీత కూడా నార్వే తీరాన్ని వదిలేసి పైనుంచి పోతుంది. ఇదే కొందరికి లేనిపోని ధైర్యం ఇస్తుంది. సముద్రంలో నీళ్ళుగానే ఉన్న నీళ్ళు పంపులోంచి పైకొచ్చి డెక్కు మీది గొట్టంలో కదలకుండా ఉండిపోతే, బయట మైనస్ పది గాలికి వాటి గతి వేరు.

థర్డ్ ఆఫీసరుకి అగ్నిమాపక సామగ్రి అప్పజెప్పడం ఓడల్లో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. నువ్వు థర్డ్ ఆఫీసరువి, అంటే డెక్కు మీది వాటర్ స్ప్రే లైను, దాని నాజిళ్ళు, వాల్వులు, డ్రెయిన్ కాకులు అన్నీ ఇప్పుడు నీవే. ఈ మాట రాస్తుంటే ఎంత గర్వంగా ఉందో! మన ఇంట్లో ఆడపిల్ల, దాదాపు మూడు వందల మీటర్ల ఓడకి కాపలా. చిన్నప్పుడు మన వీధి చివర బోరింగు దగ్గర ఎవరి బిందె నిండిందో ఎవరిది నిండలేదో చూసి, ముసలమ్మల బిందెలు ముందుకి జరిపించేదానివి. అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు, నీకే తోచేది. ఆ గుణం ఉన్న పిల్ల చేతికే ఈ పని రావాలి అనిపిస్తుంది నాకు.

ఆ స్ప్రే ఎందుకుందో నీకు పుస్తకంలో చెప్పే ఉంటారు. ట్యాంకుల పైని గుమ్మటాల మీదా, మానిఫోల్డు మీదా, మీరంతా ఉండే అకామడేషను ముందుగోడ మీదా ఒక నీటి తెర పడాలి, అడ్డంగా ఉన్న తలానికి చదరపు మీటరుకి నిమిషానికి 10 లీటర్లు, నిలువు గోడకి 4 లీటర్లు, అని గ్యాస్ ఓడల ఐజీసీ కోడ్ రాస్తుంది. నా మటుకు నేను దాన్ని లెక్కగా చదవను. మన విశాఖలో 1997 సెప్టెంబరు 14 ఉదయం రిఫైనరీలో గ్యాస్ అంటుకున్నప్పుడు నేను సెలవులో ఇక్కడే ఉన్నాను. దక్షిణాన లేచిన ఆ నల్లటి పొగ చూస్తూ మీ అమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు. యాభైమందికి పైగా పోయారు. గ్యాసు అంటుకోవడానికి కావలసింది ఎంత కొంచెమో ఆ రోజు తరవాత నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మంట వచ్చినప్పుడు ఆ నీళ్ళు ఇనుమునీ చల్లబరుస్తాయి, పారిపోయే మనిషి వీపు మీద వేడి పడకుండా అడ్డం కూడా నిలుస్తాయి. ఆ రెండోదే నేను ఎప్పుడూ ముందు తలుచుకుంటాను.

ఇక చలిలో దాని తీరు చెప్తాను. నీళ్ళు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం పెరుగుతాయి. ఆ పెరుగుదలకి ఇత్తడి వాల్వు బాడీ పగులుతుంది, హైడ్రంటు గొంతు చీలుతుంది, అన్నిటికంటే ముందు నాజిలు సన్నటి కన్నం మూసుకుపోతుంది. పగిలింది ఆ రాత్రి కనపడదు, ఎందుకంటే మంచే దాన్ని పట్టుకుని ఉంటుంది. వెచ్చటి రేవుకి వచ్చాక కారుతుంది. అందుకని చలిరేవు చేరకముందే డెక్కు మీది లైను మొత్తం ఖాళీ చెయ్యాలి: లోపల, వెచ్చటి చోట ఉన్న ఐసొలేటింగ్ వాల్వు మూసి, పల్లపు చోట్ల ఉన్న డ్రెయినులన్నీ తెరిచి, వీలైతే కంప్రెస్డ్ ఎయిరుతో ఊది, ఆ డ్రెయినులు తెరిచే ఉంచాలి. ఇందులో ఉన్న చిక్కు చూడు. మామూలు రోజుల్లో నీళ్ళతో నిండి ఉన్న గొట్టమే సిద్ధంగా ఉన్న గొట్టం. అక్కడ సిద్ధంగా ఉండాలంటే అది ఖాళీగా ఉండాలి. ఇరవైచోట్ల తెరిచిన కాకులతో ఖాళీగా ఉన్న లైను అవసరమైన క్షణానికి పనిచెయ్యడం అనేది ఆ ఇనుము చేతుల్లోంచి జారి, ఏ కాకు ఎక్కడుందో తెలిసిన మనుషుల చేతుల్లోకి వస్తుంది.

నేను ఎల్పీజీ ఓడల్లో చీఫ్ ఆఫీసరుగా ఉన్న రోజుల్లో మాకొక పంప్‌మాన్ ఉండేవాడు, కళింగపట్నం వైపు మనిషి, నాకంటే పెద్దవాడు, చదువు అయిదో ఆరో. స్వీడను రేవుల్లో చలికాలం ఎన్నిసార్లు చూశాడో. ఆయన డ్రెయిను తెరిచి, నీళ్ళు కారి, ధార సన్నబడి, ఆగిపోయాక కూడా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. జేబులోంచి ఇనుప తీగ తీసి ఆ కన్నంలోకి పోనిచ్చి కదిపేవాడు. నీళ్ళు అయిపోయినా ధార ఆగుతుంది బాబూ, తుప్పు పెచ్చు అడ్డుపడినా ఆగుతుంది, రెండూ బయటికి ఒక్కలాగే కనపడతాయి, అనేవాడు. ఎన్నోసార్లు ఆ తీగ తగలగానే ఇంకో బకెట్టెడు నీళ్ళు దూకేవి. అది చూశాక నేను ఆ తీగ లేకుండా డ్రెయిను దగ్గరికి వెళ్ళలేదు. నువ్వూ ఒకటి సంపాదించు, మీ ఓడ మీద గ్యాస్ ఉండే చోట వాడదగిన లోహంతో చేసిందే అని బోసన్ని అడిగి మరీ తీసుకో.

ఆయన ఇంకో పని కూడా చేసేవాడు. ప్రతి డ్రెయిను కాకు దగ్గరా పైనున్న రైలింగుకి ఎర్రగుడ్డ పేలిక కట్టేవాడు, తన కోసం కాదు, ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. చీకట్లో, మందపాటి గ్లవుజులతో, భయంతో పరిగెత్తుకొచ్చే కుర్ర నావికుడు ఎవడో మంచు కింద ఉన్న కాకుని వెతుక్కోకూడదని. పేలికలు ఎన్నో వాడికి ముందే చెప్పి, లెక్కపెట్టించి, ఒప్పజెప్పించుకునేవాడు. ఇవాళ మీకు నంబర్లు వేసిన రేకులు ఉంటాయి, కంట్రోల్ రూములో జాబితా ఉంటుంది. ఉన్నా సరే, ఒకసారి రాత్రిపూట ఆ గ్లవుజులతోనే నువ్వు నడిచి చూడు, ఏది చేతికి అందుతుంది, ఏది మంచులో కప్పబడిపోయింది, ఏది తిప్పడానికి ఇద్దరు కావాలి, అన్నీ తెలుస్తాయి. తెలిశాక జాబితాలో ఆ వరసలోనే రాయి. పంపు స్టార్ట్ బటన్ పక్కన, బ్రిడ్జి మీదా కంట్రోల్ రూములోనూ, లైను ఖాళీగా ఉంది, డ్రెయినులు తెరిచి ఉన్నాయి అని పెద్ద అక్షరాలతో అట్టముక్క పెట్టు. వాచీ మారేటప్పుడు అది నోటితో కూడా చెప్పు, వచ్చినవాడు నిద్రకళ్ళతో ఉంటే రెండోసారి చెప్పు.

మల్లెపాదులకి నీళ్ళు పెట్టాక నువ్వు గొట్టాన్ని ఎలా చుట్టేదానివో గుర్తుందా? ఒక కొసని భుజం దాకా ఎత్తి పట్టుకుని, నడుచుకుంటూ, చేతుల మీదుగా జరుపుకుంటూ, చివరి చుక్కదాకా వంచి అప్పుడు చుట్టేదానివి, లేకపోతే గొట్టంలో పాచి పడుతుంది తాతయ్యా అని నాకే చెప్పేదానివి, ఎనిమిదేళ్ళుంటాయేమో. నీకు అక్కడ చెయ్యాల్సింది అంతకంటే వేరే కాదు, కాకపోతే ఆ గొట్టం ఎత్తి పట్టుకోవడానికి లేదు, ఓడే దాన్ని ఎత్తుతుంది దించుతుంది. లోడింగ్ అవుతున్నకొద్దీ ఓడ వాలు మారుతుంది కదా, ముందు వెనక్కి వాలి ఉన్నప్పుడు ఖాళీ అనిపించిన చోటికి, ట్రిమ్ మారాక ఎక్కడో వంపులో దాగిన నీళ్ళు జారి వస్తాయి. కాబట్టి ఒకసారి డ్రెయిన్ చేశాం అని వదలకు. సగం సరుకు ఎక్కాక మళ్ళీ ఒక తిరుగు తిరుగు.

కొన్ని టెర్మినళ్ళు ఫైర్ మెయిన్‌లో ఎప్పుడూ ప్రెషరు ఉండాలంటాయి. అప్పుడు ఖాళీ పెట్టే దారి లేదు, నీటిని కదుపుతూ ఉండాలి: పంపు నడుపుతూ, లైను చిట్టచివరి హైడ్రంటు కొద్దిగా తెరిచి సముద్రంలోకి వదలాలి, మధ్యలో కొమ్మలాగా విడిపోయిన మూసినదారులు ఏవీ నిలవ ఉండకుండా చూడాలి. ఆ వదిలిన నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో ఒక్కసారి రైలింగు మీంచి వంగి చూడమ్మా. కింద టగ్గు ఉండొచ్చు, తాళ్ళు పట్టే పడవ ఉండొచ్చు, అందులో మీలాంటి పిల్లలే ఉంటారు. మైనస్ పదిలో ఒంటిమీద నీళ్ళు పడ్డ మనిషికి ఆ వాచీ అంతా నరకం. జెట్టీ మెట్ల మీద పడితే తెల్లారేసరికి అద్దం. పడేచోటు మార్చడానికి అయిదు నిమిషాలు పడుతుంది, అంతే.

నిజంగా స్ప్రే వెయ్యవలసి వస్తే, ఆ పరిస్థితి రాకూడదనే అమ్మమ్మ రోజూ దీపం పెడుతోంది గానీ, వస్తే, తొందరలో పంపు ఒక్కసారిగా ఖాళీ గొట్టం మీదికి వదలొద్దు. ముందు డ్రెయినులు మూసుకోవాలి. గాలి పోవడానికి దూరపు కొసన ఒకటి వదిలిపెట్టి, వాల్వు కొంచెం తెరిచి, లైను నిండిన శబ్దం విని, ఆ తరవాత పూర్తిగా. లేకపోతే నీటిదెబ్బకి మోచేతుల దగ్గర గొట్టం ఊడిపోతుంది. ఒకసారి మొదలుపెట్టాక, పని పూర్తయ్యేదాకా ఆపకూడదు, పారే నీళ్ళు అంత తేలిగ్గా గడ్డకట్టవు గానీ ఆగిన నీళ్ళు నాజిళ్ళ దగ్గర్నుంచి బిగుసుకుంటాయి. ఆపిన మరుక్షణం మళ్ళీ డ్రెయినులు. అలిసిపోయి, తడిసిపోయి, హమ్మయ్య అనుకునే ఆ క్షణమే చెయ్యాలి, టీ తరవాత కాదు. ఇంకొకటి: కింద పడిన ఎల్ఎన్‌జీ మడుగు మీదికి నీళ్ళు కొట్టొద్దు. మైనస్ 162 డిగ్రీల ద్రవానికి మన చన్నీళ్ళు కూడా పొయ్యే, ఆవిరి ఇంకా లేస్తుంది. నీళ్ళు ఇనుముకీ, ఆవిరికీ, మనుషులకీ.

మానిఫోల్డు కింద ఓడ పక్కన పడే నీటితెర సంగతి వేరుగా చెప్పాలి. చుక్క ఎల్ఎన్‌జీ మామూలు ఉక్కు మీద పడితే అది గాజులాగా పెళుసెక్కి పగులుతుంది కాబట్టి, లోడింగ్ అంతసేపూ ఆ తెర పారుతుంటుంది. చలిలో అదే తెర ఓడ పక్కనా, ఫెండర్ల మీదా మంచు పేరుస్తుంది. నడపాలా, సిద్ధంగా ఉంచి ఆపాలా అన్నది లోడింగుకి ముందు టెర్మినల్ వాళ్ళతో జరిగే మీటింగులో తేల్చుకోవలసిన మాట. నువ్వు అందులో అందరికంటే చిన్నదానివి అవుతావు. చీఫ్ ఆఫీసరు మర్చిపోతే, సార్, వాటర్ కర్టెన్ విషయం, అని మెల్లగా అడుగు. చిన్నపిల్ల అడిగిందని ఎవరూ అనుకోరు, అనుకున్నా నష్టం లేదు.

మెల్కోయా దీవి మీద 2020 సెప్టెంబరు 28న పెద్ద మంట లేచింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పవర్ టర్బైన్ గాలి లోపలికి తీసుకునే ఫిల్టర్ల దగ్గర మొదలైందట. మంచు పట్టకుండా గాలిని వెచ్చబెట్టే ఏర్పాటే ఆ ఫిల్టర్లని ఎక్కువ వేడెక్కించిందని దర్యాప్తులో తేలింది. ఆర్పడానికి పోసిన సముద్రపు నీళ్ళు మిగతా కరెంటు సామాన్లని పాడుచేశాయి, ప్లాంటు మళ్ళీ నడిచేసరికి 2022 వచ్చింది. డెక్కు మీద మీరు వాల్వులకి చుట్టే హీటింగ్ టేపుల్ని కూడా ఆ కన్నుతోనే చూడు, చలిని తోలే వేడిని కూడా ఒకరు కాపలా కాయాలి.

మంచు బరువు గురించి కూడా రాస్తాను, విసుక్కోకు. చలిసముద్రాల్లో ఓడ నిలకడ లెక్కకట్టేటప్పుడు బయటి డెక్కుకి చదరపు మీటరుకి 30 కిలోల మంచు అని తీసుకుంటారు. మీ స్ప్రే నిమిషానికి పోసేది 10 లీటర్లు. జారిపోకుండా నిలిస్తే మూడు నిమిషాల్లో ఆ లెక్క నిండిపోతుంది. జారిపోవాలంటే నీళ్ళు పోయే స్కప్పర్లు మంచుతో పూడుకుపోకూడదు, కాబట్టి చెక్క సుత్తీ, పారా, ఉప్పూ ముందే వాటి దగ్గర పెట్టించు. నీ ఓడ అంత పెద్దది, మంచుకి ఒరగదు, నాకు తెలుసు. చిన్న ఓడలు ఒరిగాయి. 1968 ఫిబ్రవరి 4న ఐస్లాండు ఫియర్డులో గాలివానకి తప్పుకుని నిలబడ్డ రాస్ క్లీవ్‌లండ్ అనే చేపల ఓడ, పైన పేరుకున్న మంచు బరువుకి తిరగబడింది, ఒక్కడు మిగిలాడు. ఇంగ్లండులో హల్ రేవునుంచి ఆ కొద్ది వారాల్లోనే పోయిన మూడు ఓడల్లో అదొకటి, మొత్తం 58 మంది. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు, చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లిలియన్ బిలోకా ముందు నడవగా, రేవుకి వెళ్ళి నిలబడి, రేడియో ఆపరేటరు లేని ఓడని కదలనివ్వం అన్నారు, లండను దాకా వెళ్ళి మంత్రులతో మాట్లాడి నియమాలు మార్పించారు. ఊళ్ళో కొందరు ఆవిడనే తిట్టారట, ఉద్యోగం పోయింది. ఓడ ఎక్కని ఆ తల్లులు అడిగింది ఇవాళ ఓడ ఎక్కిన నీకు కవచం. నీ ఓడ మీద మంచు వల్ల ప్రమాదం జారిపడే మనిషికి, అందుకే నడకదారులే ముందు, మానిఫోల్డు రెండోది.

డెక్కు మీద కళ్ళు కడుక్కునే కుళాయీ, షవరూ ఉంటాయి చూడు, చలిలో అందరూ ఫైర్ లైను చూసి వాటిని మర్చిపోతారు. గ్యాసో కెమికలో కంట్లో పడ్డవాడు ఆ కాలి మీట తొక్కితే నీళ్ళు రావాలి, మంచు కాదు. రోజూ ఒకసారి నువ్వే తొక్కి చూడు. మా పంప్‌మాన్ ఇంజిన్ రూములో వెచ్చటి గొట్టం మీద ఎప్పుడూ రెండు జతల పొడి గ్లవుజులు ఆరబెట్టి ఉంచేవాడు, తర్వాత వాచీకి వచ్చేవాళ్ళ కోసం. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పనూలేదు, వాళ్ళు అవి వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన ఫొటో నా దగ్గర లేదు, ఆ గ్లవుజులు మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి.

తర్వాతి రేవు క్లైపెడా అంటున్నావు కదా. అక్కడి లెక్క తిరగబడుతుంది తల్లీ. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ, పక్కనున్న మంచినీటి మడుగు నీళ్ళు కూడా ఆ రేవులోంచే కలుస్తాయి. మామూలు సముద్రం మైనస్ 1.8 దాకా ఆగితే అక్కడి నీళ్ళు సున్నా కిందికి దిగీ దిగకుండానే బురదమంచు అవుతాయి. ఆ బురదమంచు ఓడ నీళ్ళు తీసుకునే సీ చెస్టులోకి పోతే స్ట్రైనర్లు మూసుకుంటాయి, నీ స్ప్రే పంపు గుక్క తాగదు. మంచు పైన తేలుతుంది కాబట్టి కింది సక్షన్ వాడాలి, అక్కడ లోతు తక్కువైతే బురద వస్తుంది, ఈ రెండింటి మధ్య తేల్చేది ఇంజిన్ రూము వాళ్ళు. రేవు చేరడానికి ఒకరోజు ముందే సెకండ్ ఇంజినీరు దగ్గరికి నువ్వే దిగి వెళ్ళి, ఆయన తీరిగ్గా ఉన్న వేళ చూసి అడుగు, ఫోన్లో అడగకు. డెక్కు వాళ్ళు కిందికి దిగి అడిగితే ఇంజిన్ వాళ్ళకి ఎంత సంతోషమో నీకు తెలీదు.

మళ్ళీ వెచ్చటి సముద్రానికి వచ్చాక లైను అంతా నీళ్ళతో పరీక్షించి, మంచినీళ్ళతో కడిగించు. ఉప్పు ఎండి నాజిళ్ళలో గట్టిపడుతుంది, తుప్పు పెచ్చులు కొసల్లో చేరతాయి. చలిలో ఉండగా మాత్రం పరీక్ష గాలితోనే, ఒక్కో నాజిలు దగ్గరా చెయ్యి పెట్టి గాలి తగిలిందో లేదో చూసుకుని. చూడని నాజిలుకి టిక్కు పెట్టవని నాకు తెలుసు, టెన్తులో ల్యాబ్ రికార్డులో రాని రీడింగు వెయ్యనని ఏడ్చిన పిల్లవి.

అమ్మమ్మ అరిసెలు ప్యాక్ చేయించింది, మీ ఓడలో ఇంకొకరి రిలీఫ్‌కి వచ్చే అబ్బాయి విశాఖ వాడేనట కదా, వాడి చేత పంపుతాం. చేతులకి లోపల వేసుకునే ఊలు గ్లవుజులు రెండు జతలు పెట్టింది, రెండోది నీతోపాటు వాచీలో ఉండే పిల్లకి. ఆ రెండు జతలు సరిపోవంటే చెప్పు, ఇంకా అల్లుతానంటోంది. నీ తమ్ముడు ఈ ఉత్తరం ఫొటోలు తీసి పంపుతానన్నాడు, నా రాత చదవలేకపోతే వాణ్ణి అడుగు. మెల్కోయాలో తాళ్ళు వేశాక ఒక కబురు పెట్టు. వాచీ దిగి, వేడిగా ఏదైనా తిని, నిద్రపోయి లేచాకే పెట్టు, మేం ఆగుతాం.

ఆశీస్సులతో,
తాతయ్య